హుద్‌హుద్ వైజాగ్ దాటాక ఎక్కడికి వెళ్లింది? మంచుచరియలు ఎలా కూలతాయి?

ఈసారి ఎపిసోడ్ మ్యాపుతో మొదలుపెడుతున్నాను. వీడియోలో స్క్రీన్ మీద చూపించాను, ఇక్కడ చదువుతున్నవాళ్లు ఫోన్లో మ్యాప్ తెరవండి. విశాఖపట్నం మీద వేలు పెట్టండి. అక్కడి నుంచి తిన్నగా ఉత్తరానికి జరుపుకుంటూ వెళ్లండి. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ తూర్పు భాగం, ఆ తర్వాత నేపాల్. సుమారు 1,200 కిలోమీటర్లు వెళ్లాక మీ వేలికి కాస్త కుడిపక్కన థొరాంగ్ లా అనే కనుమ ఉంటుంది. ఎత్తు 5,416 మీటర్లు. అన్నపూర్ణ సర్క్యూట్ అనే పేరున్న ట్రెక్‌లో అన్నిటికంటే ఎత్తైన చోటు అదే. ఆ కనుమ ఎక్కి అవతలికి దిగితే ముక్తినాథ్. మన ఇళ్లలో పెద్దవాళ్లకి ఈ పేరు బాగా తెలుసు, 108 దివ్యదేశాల్లో ఒకటి, సాలగ్రామాలు దొరికే గండకీ నది ఉన్న ప్రాంతం.

ఇప్పుడు తేదీలు. 2014 అక్టోబర్ 12, ఆదివారం, మధ్యాహ్నం. ఆ రోజు ఏం జరిగిందో వైజాగ్ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నేను అప్పుడు ఇంటర్ సెకండియర్. ఉక్కునగరం క్వార్టర్స్‌లో కిటికీ రెక్కకి పరుపు అడ్డం పెట్టి నేనూ అమ్మా దాన్ని వీపుతో తోసి పట్టుకున్నాం. నాన్న ప్లాంట్‌లో డ్యూటీలో ఇరుక్కుపోయారు, ఆయన కబురు మాకు మర్నాటికి గానీ తెలీలేదు. గంటకి 180 కిలోమీటర్ల దాకా గాలి. మధ్యలో కాసేపు అంతా ఆగిపోయి, హమ్మయ్య అనుకునేలోపే అటు తిరిగి మళ్లీ కొట్టింది. తర్వాత రోజులు కరెంటు లేదు, ఫోను లేదు, పాలప్యాకెట్ కోసం క్యూ. ఎయిర్‌పోర్ట్ పైకప్పు ఎగిరిపోయింది, ఊళ్లో చెట్లు సగం పోయాయి. మా వరకు హుద్‌హుద్ అంటే అంతే. సముద్రంలోంచి వచ్చింది, మనల్ని కొట్టింది, అయిపోయింది.

అయిపోలేదు అనమాట. ఆ తుఫాను బలహీనపడి ఛత్తీస్‌గఢ్ మీదుగా వెళ్లి, అక్కడి నుంచి ఉత్తరానికి తిరిగింది. గాలి తగ్గింది గానీ లోపల ఉన్న తేమ ఎక్కడికి పోతుంది? బంగాళాఖాతం నీళ్లు మోసుకుంటూ వెళ్లి హిమాలయం అనే గోడకి గుద్దుకుంది. గాలి పైకి లేస్తే చల్లబడుతుంది, చల్లబడితే తేమ వదిలేస్తుంది. మన దగ్గర అది వాన. ఐదు వేల మీటర్ల మీద అదే మంచు. అక్టోబర్ 14న థొరాంగ్ లా చుట్టుపక్కల 12 గంటల్లో దాదాపు 1.8 మీటర్ల మంచు పడిందని వార్తలొచ్చాయి. అంటే ఒక మనిషి ఎత్తు. నేపాల్‌లో అది దసరా అయిపోయిన సమయం, ఆకాశం నిర్మలంగా ఉండే ట్రెక్కింగ్ సీజన్, దారి నిండా జనం. ఆ ఒక్క దెబ్బకి మనాంగ్, ముస్తాంగ్ జిల్లాల్లో, ధౌళగిరి బేస్ క్యాంపులో కలిపి కనీసం 43 మంది చనిపోయారు. ట్రెక్కర్లు, గైడ్లు, పోర్టర్లు, యాక్‌లు కాసుకునేవాళ్లు. కొందరు మంచుచరియల కింద, కొందరు దారి కనబడక చలికి. నేపాల్ ట్రెక్కింగ్ చరిత్రలోనే అంత పెద్ద ప్రమాదం లేదంటారు.

మన కిటికీ ఊపిన గాలే అది. ఇక్కడ మనకి నాలుగు రోజుల ముందే తెలుసు. తుఫాను హెచ్చరికల కేంద్రం మన ఊళ్లోనే ఉంది, టీవీలో గంట గంటకీ చెప్పారు, తీరం ఖాళీ చేయించారు. రెండు రోజుల తర్వాత అదే తుఫాను దారిలో నడుస్తున్న చాలామందికి అది వస్తోందన్న సంగతే తెలీదు. ఆ విషయం మీద తర్వాత బోలెడు విమర్శలొచ్చాయి.

పోయిన వారం కమ్యూనిటీ పోస్ట్‌లో టాపిక్ చెప్పగానే ఒకాయన అడిగారు, బ్రో, ఉక్కపోతలో కూర్చుని అవలాంచ్ గురించి ఎందుకు అని. దానికి సగం జవాబు ఇదీ. మిగతా సగం ఏంటంటే, మన దగ్గర ఏ ఐటీ ఆఫీసులో చూసినా డిసెంబర్ నుంచి మార్చి దాకా ఎవరో ఒకరు ఉత్తరాఖండ్, హిమాచల్ స్నో ట్రెక్‌కి వెళ్తూనే ఉన్నారు. నేనూ వెళ్లాను. అక్కడ నేను చేసిన ఒక వెధవపని కూడా చెప్తాను, కాస్త ఆగండి.

ముందు మాట దగ్గరే ఒక ఇబ్బంది ఉంది. మన భాషలో పొగమంచు మంచే, తెల్లారి గడ్డి మీద బొట్టు మంచే, ఫ్రిజ్‌లో గడ్డ మంచే, ఆకాశం నుంచి దూదిలా పడేదీ మంచే. పేపర్లలో హిమపాతం అని రాస్తే మంచు కురిసిందా, కొండ మీద నుంచి కూలిందా తెలీదు. అందుకే నేను మంచుచరియ అంటాను, లేదా అవలాంచ్ అంటాను.

అవలాంచ్ అనగానే మన బుర్రలో వచ్చే బొమ్మ సినిమాది. పైన శిఖరం మీద పెద్ద ఉండ కదులుతుంది, దొర్లుతూ పెరుగుతుంది, కింద హీరో పరిగెడతాడు. అరిస్తే కూలుతుందని కూడా అంటారు, అరుపుకి అంత బలం లేదు. అసలు మనుషుల్ని ఎక్కువగా చంపేది వేరే రకం, దాన్ని స్లాబ్ అంటారు. మన ఇంటి స్లాబే అనుకోండి. వాలు మీద ఒక గట్టి పలక ఉంటుంది, దాని కింద ఒక బలహీనమైన పొర. ఆ పొర విరిగిందంటే పలక మొత్తం ఒకేసారి ఊడి జారుతుంది. మీరు కింద నిలబడి పైకి చూస్తూ ఉండరు. ఆ పలక మీదే నిలబడి ఉంటారు. ప్రమాదాలు లెక్కగట్టినవాళ్లు చెప్పేది, ట్రెక్కర్లు, స్కీయర్లు చిక్కుకున్న అవలాంచ్‌లలో నూటికి తొంభై వాళ్లో, వాళ్ల గుంపులో ఇంకొకరో కాలు పెట్టడం వల్ల కదిలినవే. పైనుంచి వచ్చి పడటం కాదు, కాళ్ల కింద నేల ఊడిపోవడం.

ఎందుకు ఊడుతుంది? పూతరేకు తలుచుకోండి. పల్చటి రేకులు, మధ్యలో పంచదార పొడి. పళ్లెంలో పెడితే ఎంత నిండుగా ఉంటుంది! అదే పళ్లెం వంచండి, పై రేకు పంచదార మీద జారుతుంది. కొండ మీద మంచు కూడా ఒక్కసారిగా పోసిన సున్నంలా ఉండదు. చలికాలం పొడుగునా ఒక్కో తుఫానుకి ఒక్కో రేకు పడుతుంది. ఏ రేకు దేనికి అతుక్కుంది, మధ్యలో పంచదార ఉందా లేదా అన్నదే అసలు లెక్క. చిత్రం ఏంటంటే ఇంగ్లిష్‌లో కూడా ఆ గింజల్ని షుగర్ స్నో అనే అంటారు. చేతిలోకి తీసుకుంటే ఉండ కట్టవు, వేళ్ల సందుల్లోంచి పంచదారలాగే రాలిపోతాయి.

ఆ పంచదార ఎలా తయారవుతుందన్న చోట మన ఊరు పనికొస్తుంది. స్టీల్ ప్లాంట్‌లో సింటర్ ప్లాంట్ ఉంటుంది, నాన్న చెప్తుండేవారు. ఇనుప ఖనిజం పొడిని సున్నపురాయి, కోక్ పొడితో కలిపి కాల్చితే, పూర్తిగా కరిగి పారకుండానే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గడ్డలవుతాయి. అప్పుడే బ్లాస్ట్ ఫర్నేస్‌లో వేయడానికి పనికొస్తుంది. మంచు కూడా సింటర్ అవుతుంది. కొలిమి లేకుండానే, అసలు ఏమీ కరగకుండానే. ఎలాగంటే, కరిగే ఉష్ణోగ్రతకి ఎంత దగ్గరగా ఉన్నామన్నది ముఖ్యం. మైనస్ 10 డిగ్రీల దగ్గర మంచు మనకి గడ్డకట్టే చలి. కానీ మంచు వైపు నుంచి చూస్తే, అది కరగడానికి పది డిగ్రీల దూరంలో ఉంది. కెల్విన్‌లో లెక్కేస్తే 273లో 263, అంటే 96 శాతం. ఉక్కుని అదే 96 శాతం దగ్గరికి తీసుకెళ్లాలంటే సుమారు 1,430 డిగ్రీలకి వేడి చేయాలి. ఆ వేడిలో ఉన్న ఉక్కు నిశ్చలంగా ఉంటుందనుకుంటారా? మంచూ అంతే. చల్లగా, తెల్లగా, ప్రశాంతంగా కనిపిస్తుంది, లోపల గంట గంటకీ రూపం మారుతూనే ఉంటుంది.

ఎటు మారుతుందన్నది రెండు రకాలు. మంచు దట్టంగా ఉండి, చలి మరీ ఎక్కువ కాకపోతే, గింజలు గుండ్రబడి, మెడలు కట్టి, అతుక్కుంటాయి. పొర బలపడుతుంది. రెండోది ప్రమాదం. భూమి లోపలి వేడి వల్ల మంచు అడుగుభాగం ఎప్పుడూ సున్నా డిగ్రీల దగ్గర్లో ఉంటుంది. పైన రాత్రి మైనస్ 15 అనుకోండి. మంచు మందం మూడు మీటర్లుంటే ఆ తేడా మూడు మీటర్ల మీద పరుచుకుంటుంది, మీటరుకి 5 డిగ్రీలు. మందం ఒక్క మీటరే ఉంటే మీటరుకి 15. సుమారు 10 దాటితే అడుగు నుంచి ఆవిరి పైకి వేగంగా లేచి, గింజల మధ్య అతుకులు తినేసి, కోణాలు తేలిన పెద్ద పెద్ద పలుకుల్ని పెంచుతుంది. అదే మన పంచదార. నాకు ఈ విషయం చదివినప్పుడు చాలా ఆశ్చర్యమేసింది, ఎందుకంటే నేను మంచు తక్కువుంటే ప్రమాదం తక్కువ అనుకునేవాణ్ణి. సీజన్ మొదట్లో పల్చగా మంచు పడి, తర్వాత రెండు వారాలు ఆకాశం నిర్మలంగా, రాత్రులు కొరికేసే చలిగా ఉన్నాయనుకోండి. ఫొటోలకి బ్రహ్మాండమైన రోజులు. అడుగున పునాది కుళ్లిపోతున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఇంకో బలహీన పొర పైనే పుడుతుంది. లంబసింగి చలికాలం తెల్లవారుజామున వెళ్లినవాళ్లకి తెలుసు. మబ్బు లేని రాత్రి నేల వేడంతా ఆకాశానికి వదిలేస్తుంది, బాగా చలి పెట్టిన రోజు గడ్డి మీద తెల్లగా గరుకుగా పట్టేస్తుంది. కొండల మీద అదే, మంచు పైభాగంలో ఈకల్లాంటి పలుకులుగా పెరుగుతుంది. ఎండలో వజ్రాల్లా మెరుస్తాయి, ఎంత బాగుంటాయో! వాటి మీద మర్నాడు కొత్త మంచు కప్పేస్తే, ఆ ఈకలు నలగకుండా లోపల నిలబడే ఉంటాయి. పేకముక్కల మీద స్లాబ్ పోసినట్టు. అవి వారాల తరబడి అలాగే ఉండగలవు, పైనుంచి చూస్తే కనబడవు.

సరే, పునాది బలహీనం. ఇక బరువు. హుద్‌హుద్ చేసింది ఇదే. అక్టోబర్‌లో థొరాంగ్ లా దగ్గర పాత మంచు పొరలు పెద్దగా ఉండవు, కాబట్టి అక్కడి కథ ఎక్కువగా కొత్త బరువుది. మంచుకి బరువు మోయడం చేతకాదని కాదు, దానికి టైమ్ కావాలి. ఇందాక చెప్పిన సింటరింగ్ జరగాలి. అదే 1.8 మీటర్లు పది రోజుల్లో పడితే చాలా వాలులు మోసేస్తాయి. 12 గంటల్లో పడితే అతుకులు కట్టేలోపే పైన ఇంకో బరువు వచ్చి కూర్చుంటుంది. సర్వర్ మీద లోడ్ లాంటిదే, మొత్తం ఎన్ని రిక్వెస్టులు అన్నదాని కంటే సెకనుకి ఎన్ని అన్నది కూలుస్తుంది. గాలి ఇంకా దొంగ. కురవకపోయినా, ఒకవైపు వాలు మీది మంచుని ఊడ్చి శిఖరం అవతలివైపు, గాలి తగలని పక్కన పోగేస్తుంది. ఆకాశం నీలంగా ఉండగానే అవతలి వాలు మీద గంటగంటకీ బరువు పెరుగుతుంటుంది. ఇక వాన, ఎండ. కొత్తవలస–కిరండూల్ లైన్‌లో వానాకాలం కొండచరియలు విరిగిపడి రైళ్లు ఆగిపోవడం మనకి మామూలే. నీరు నేలలోకి దిగి, మట్టి పట్టు వదిలించి జార్చేస్తుంది. మంచులో కూడా మధ్యాహ్నం ఎండకి కరిగిన నీరు లోపలికి దిగితే అదే పని చేస్తుంది. అందుకే స్నో ట్రెక్‌లో తెల్లవారుజామున రెండింటికో మూడింటికో లేపుతారు. నిద్ర చెడగొట్టడానికి కాదు.

మూడోది వాలు. స్లాబ్‌లు ఎక్కువగా కూలేది 30 నుంచి 45 డిగ్రీల మధ్య. అంతకంటే నిటారుగా ఉంటే మంచు పెద్దగా పోగుపడదు, కురిసిన కొద్దీ రాలిపోతుంది. 30 కంటే తక్కువుంటే జారడానికి వాటం చాలదు. ఇంటి మెట్లు సుమారు 30, 35 డిగ్రీలుంటాయి. అంటే మీరు రోజూ ఎక్కే మెట్ల వాటం, లేదా ఇంకాస్త. చూడ్డానికి భయమేసే కొండ కాదది, నడవడానికి చక్కగా ఉండే కొండ. ఇంకో మెలిక, మీరు చదునుగా ఉన్న చోట నడుస్తున్నా, పైన అలాంటి వాలు ఉంటే మీ అడుగుకి అడుగున పొర విరిగి, ఆ విరుగు పైకి పాకి, పైది మీ మీదికి రావచ్చు. టెంట్ ఎక్కడ వేశారన్నది అందుకే ముఖ్యం. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ దగ్గర మాణా ఊళ్లో రోడ్డు పనివాళ్ల క్యాంపు మీద పడింది. అక్కడ ఉన్నది 54 మంది, 8 మంది పోయారు. వాళ్లెవరూ శిఖరం ఎక్కడానికి వెళ్లలేదు. చాలామంది బతికింది ఇనుప కంటైనర్లలో ఉండబట్టే.

బరువు ఎంతుంటుందో ఒక్క లెక్క చెప్పి ముందుకెళ్తా. 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు, అర మీటరు మందం పలక అనుకోండి. చాలా చిన్నది ఇది. గాలికి గట్టిపడ్డ మంచు ఘనపు మీటరుకి 300 కిలోలు అనుకుంటే 135 టన్నులు. మన పోర్టుకి ఖనిజం తెచ్చే వ్యాగన్‌లో సుమారు 60 టన్నులు పడుతుంది. రెండు వ్యాగన్లు పైగా, గంటకి వంద కిలోమీటర్ల వేగంతో.

ఆగిన తర్వాత ఇంకో దారుణం. జారేటప్పుడు గింజలు నలిగి పిండైపోతాయి, ఆగీ ఆగగానే అవి సింటర్ అయిపోతాయి. దూదిలా పడ్డ మంచు నిమిషాల్లో సిమెంటవుతుంది. చెయ్యి కూడా కదలదు. ఊపిరి వదిలితే ఆ గాలే మొహం ముందు పోగవుతుంది. కూరుకుపోయినవాళ్లని పది నిమిషాల్లో తీస్తే నూటికి తొంభై మంది బతుకుతున్నారు. అరగంటకి ఆ సంఖ్య ముప్ఫై దగ్గరికి పడిపోతుంది. హెలికాప్టర్ వచ్చేదాకా అన్న మాటకి అక్కడ అర్థం లేదు. పక్కనున్నవాళ్లే తవ్వాలి. తవ్వాలంటే ఎక్కడుందో తెలియాలి, దానికి 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే ట్రాన్స్‌సీవర్, పొడిచి చూసే పొడవాటి ప్రోబ్, పార. ముగ్గురూ ఉండి ఒక్క పారే ఉంటే కూడా కష్టమే.

2016 ఫిబ్రవరి 3 మీకు గుర్తుండే ఉంటుంది. సియాచిన్‌లో సోనం పోస్ట్, 19,600 అడుగుల ఎత్తు, మద్రాస్ రెజిమెంట్ 19వ బెటాలియన్ జవాన్లు పది మంది. అందరం టీవీ ముందు కూర్చుని లాన్స్ నాయక్ హనుమంతప్ప కోసం ఎదురుచూశాం. పాతిక అడుగులకి పైగా మంచు కింద ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో దొరికారు, టెంట్‌లో గాలి చిక్కుకున్న జాగా ఉండబట్టి. ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో పోయారు. ఆ పది మందిలో మన కర్నూలు జిల్లా సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. ఆ పేరు మనలో ఎంతమందికి గుర్తుంది? నాకూ లేదు, ఈ ఎపిసోడ్ కోసం పాత వార్తలు తిరగేస్తుంటే దొరికింది. అక్కడ కూలింది నేనిందాక చెప్పిన పూతరేకు రకం కాదు, మంచుగోడ. హిమానీనదాల అంచులు వాటి టైముకి అవి విరుగుతాయి, కాళ్ల కింద పొర పరీక్షించినా లాభం లేదు. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ నేపాల్ వైపు ఖుంబు దగ్గర 16 మంది నేపాలీ సిబ్బందిని చంపింది కూడా అలాంటి మంచుగడ్డే. మన గురుకులాల పిల్లలు పూర్ణ, ఆనంద్ అదే సీజన్‌లో, మే 25న, టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కారు. ఇలాంటి చోట ఉన్న ఉపాయం ఒక్కటే, దాని కింద ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది.

ఇప్పుడు నా సంగతి. మూడేళ్ల కింద మార్చి మొదటి వారం, ఆఫీసు ఫ్రెండ్స్ నలుగురం, ఉత్తరాఖండ్‌లో ఒక ట్రెక్. పేరు చెప్పను, కంపెనీ పేరూ చెప్పను, ఎందుకంటే తప్పు వాళ్లది కాదు. బేస్ క్యాంపుకి చేరేసరికి రెండు రోజులు ఆగకుండా మంచు. మూడో రోజు ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. శిఖరం కళ్ల ముందే. మా లీడర్ పొద్దున్న కొంత దూరం తీసుకెళ్లాడు. ఒకచోట అందరం నడుస్తుంటే కాళ్ల కింద ధబ్ అని ఒక శబ్దం. పై అంతస్తులో ఎవరో బియ్యం బస్తా కింద పడేసినట్టు. పది అడుగుల మేర మంచు ఒక అంగుళం కిందికి దిగినట్టనిపించింది. మాకు తమాషాగా అనిపించి నవ్వాం కూడా. అతను నవ్వలేదు. కర్ర మంచులోకి దింపాడు. పైన గట్టిగా ఆగింది, ఇంకాస్త తోస్తే ఒక్కసారిగా జారిపోయింది, కింద ఏమీ లేనట్టు. రెండు నిమిషాలు పైకి చూసి, వెనక్కి తిరగండి అన్నాడు.

మేం గొడవపడ్డాం. సెలవు పెట్టుకుని వచ్చాం, డబ్బులు కట్టాం, మూడు రోజుల ముందు బ్యాచ్ వెళ్లింది కదా, అదిగో వాళ్ల అడుగులు అక్కడక్కడా కనిపిస్తున్నాయి కదా. ఈ మాటలన్నీ అన్నది ఎక్కువగా నేనే. అతనికి హిందీ తప్ప రాదు, నా హిందీ అంతంతమాత్రం, తను ఎందుకు వద్దంటున్నాడో సరిగ్గా చెప్పలేకపోయాడు, నేను వినే మూడ్‌లోనూ లేను. తిరిగొచ్చాక అతని మీద రెండు స్టార్ల రివ్యూ రాశాను. వాతావరణం బాగున్నా భయపడి శిఖరం దాకా తీసుకెళ్లలేదు, అని.

ఆ శబ్దానికి ఒక పేరుంది, వూంఫ్ అంటారు. అడుగున బలహీన పొర విరిగి, అందులో గాలి ఒక్కసారిగా బయటికి వచ్చే చప్పుడు. చదునుగా ఉన్న చోట నిలబడ్డాం కాబట్టి జారలేదు, అంతే. కొండ అంతకంటే స్పష్టంగా చెప్పలేదు. ఈ మాట నేను ఏడాది తర్వాత, ఉద్యోగం మానేసి ఈ ఛానెల్ మొదలుపెట్టాక, ఇంకో టాపిక్ కోసం చదువుతుంటే తగిలింది. చదువుతున్న పేజీ అక్కడే వదిలేసి బాల్కనీలో కాసేపు నిలబడ్డాను.

నిజం చెప్పాలంటే ఆ వాలు ఆ రోజు కూలిందో లేదో నాకు తెలీదు. బహుశా కూలి ఉండదు. ఇబ్బంది అక్కడే ఉంది. తప్పు నిర్ణయం తీసుకున్నా పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ కాదు, శిఖరం ఎక్కి ఫొటో దిగి వచ్చేస్తాం. ఆ ఫొటో చూసి, నిర్ణయం కరెక్టే అనుకుంటాం. నా పాత ఉద్యోగంలో టెస్టులన్నీ పాసయ్యాయి కాబట్టి బగ్ లేదనుకునేవాళ్లని చాలామందిని చూశాను. అడుగులు కనబడుతున్నాయంటే అక్కడ ఎవరో నడిచారని మాత్రమే. ఒకే వాలు మీద పదో మనిషి దాకా మోసి పదకొండో మనిషి కింద విరగొచ్చు, పలక పల్చగా ఉన్న చోట వాడి కాలు పడితే చాలు.

తెలిసినవాళ్లకి కాదా అంటే, వాళ్లకీ అవుతుంది. 2022 అక్టోబర్ 4న ఉత్తరకాశీ నెహ్రూ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ అడ్వాన్స్‌డ్ కోర్సు బృందం ద్రౌపదీ కా దండా-2 ఎక్కుతుండగా మంచుచరియ వచ్చింది. 27 మృతదేహాలు దొరికాయి, ఇద్దరు దొరకనేలేదు. పోయిన ఇన్‌స్ట్రక్టర్లలో సవితా కన్స్వాల్ ఉన్నారు, అదే ఏడాది మేలో ఎవరెస్ట్ ఎక్కి వచ్చిన మనిషి.

మరి వెళ్లొద్దా అంటారేమో. వెళ్లండి. నేనూ వెళ్తాను. బుక్ చేసేముందు కొన్ని అడగండి. చివరి రోజు దారిలో మెట్ల వాటం దాటిన వాలు ఎక్కడైనా ఉందా, క్యాంపు పైన ఏముంది, మంచు ఎక్కువ పడితే వేరే దారి ఉందా, వెనక్కి తిప్పితే డబ్బుల సంగతేంటి. ట్రాన్స్‌సీవర్లు ఇస్తారా, ఇస్తే మొదటి రోజు వెతకడం నేర్పిస్తారా. లేదు అన్నా పర్లేదు, అలాంటి వాలు లేని దారి అయితే. రెండూ ఉండి పరికరాలు లేవంటే మాత్రం నేను వెళ్లను. చండీగఢ్‌లో డీఆర్‌డీఓ ల్యాబ్ ఒకటుంది, డిఫెన్స్ జియోఇన్ఫర్మాటిక్స్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్. అందులో కలిసిన పాత సంస్థ పేరు సాసే, ఈ మంచు లెక్కలే దాని పని. చలికాలం జిల్లాల వారీగా అవలాంచ్ హెచ్చరికలు రంగుల్లో ఇస్తారు, చమోలీకి ఆరెంజ్ అని వార్తల్లో వస్తుందే, అది. మనం తుఫాను బులెటిన్ చూసినట్టు అది చూడటం అలవాటు చేసుకోవాలి. రెడ్ కాదు కదా అని ధీమా పడకండి. ఐరోపాలో ఐదు మెట్ల స్కేల్ ఉంది, అక్కడ మనుషులు ఎక్కువగా పోయేది ఐదో మెట్టు రోజున కాదు, మూడో మెట్టు రోజున. ఐదున ఎవరూ బయటికి రారు కదా.

అక్కడ ఉన్నప్పుడు, పెద్ద మంచు పడ్డాక మొదటి ఎండరోజు తొందరపడకండి. ధబ్ అని వినిపించినా, అడుగు వేస్తే మంచులో పగులు గీతలా ముందుకి పరిగెత్తినా, పక్క వాలు మీద కొత్తగా కూలిన గుర్తులు కనిపించినా, లీడర్ కంటే ముందు మీరే చెప్పండి.

ఆ రివ్యూ మార్చాను. ఐదు స్టార్లు పెట్టి, ఎందుకు మార్చానో ఇంగ్లిష్‌లోనూ నా హిందీలోనూ రాశాను. కంపెనీ వాళ్లకి మెయిల్ పెడితే ఆ లీడర్ ఇప్పుడు మానేశాడు, ఊళ్లో ఆపిల్ తోట చూసుకుంటున్నాడు అన్నారు. అతనికి చేరిందో లేదో తెలీదు. నంబర్ అడిగాను, ఇంకా ఇవ్వలేదు.

వచ్చే ఎపిసోడ్ అరకు ఘాట్ కొండచరియల మీద. వానాకాలం మొదలయ్యేలోపు పెట్టేస్తాను. ఉంటానండి.